సామాన్య భటుని మన్నన
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



నేను పండితుడను కాను. ఈ గ్రామపు లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను. పగలు అడంగలు, రాత్రి భారతము. ఇదియే నా చదువు. గురువు చెంత కూర్చుండి నేర్చినది కాదు. ఈ గ్రంథాలయపు దీపము క్రింద నిఘంటువు ఒడిలో పెట్టుకొని, పద్యమునకు పద్యము కూడబలుకుకొని నేర్చినది. కావున నా మాటలలో దోషములున్నచో పెద్దలు సవరించి విందురుగాక.

కార్యదర్శిగారు నన్నేదైన చరిత్ర విషయము చెప్పుమని కోరినారు. చరిత్ర యనగా రాజులు, పట్టాభిషేకములు అని మనకు అలవాటు. నేను రాజుల జోలికి పోను. ఒక గుడ్డముక్క కథ చెప్పెదను. అది సామాన్య సైనికుల రొమ్ముపై కుట్టిన గుడ్డముక్క. పైకి యుద్ధము కథవలె నుండును గాని, నిజమునకు అది ఒక పుస్తకము కథ. ఆ పుస్తకము నేడు లేదు. అది లేనందువలన కలిగిన నష్టమేమో చెప్పి, పిమ్మట మన గ్రామములో వ్రాయకయే యుండిపోయిన ఒక పుస్తకము మాట చెప్పి ముగింతును. ఆ తప్పు నాదే కావున అది చెప్పక తప్పదు.

మొదట మన భారతమునే తలచుకొందము. సభాపర్వమున ధర్మరాజు మయసభలో కొలువుండగా నారదుడు వచ్చెను. వచ్చి, కుశలమడుగు నెపమున రాజ్యపాలన మంతయు ప్రశ్నలుగా నడిగెను. అందు సైన్యమును గూర్చిన ప్రశ్నలు మూడు నా మనస్సున నాటుకొని యున్నవి. భటులకు బత్తెమును జీతమును కాలము తప్పక ముట్టుచున్నవా? తన పౌరుషముచే పనికి వన్నె తెచ్చినవానికి అధికమైన మన్ననగాని, ఎక్కువ జీతముగాని దొరకుచున్నదా? నీ కొరకు ప్రాణము విడిచినవారి భార్యలను పోషించుచున్నావా? ఇవి ఆ ప్రశ్నల భావము. చూడుడు, ఋషి ఎంత లెక్క తెలిసినవాడో! శౌర్యమును పొగడి ఊరకుండలేదు. జీతమడిగెను, మన్నన యడిగెను, వెనుక మిగిలిన ఇంటిదాని గతి యడిగెను. ఈ మూడు ప్రశ్నలను మీరు జ్ఞాపకముంచుకొనుడు. నేను చెప్పబోవు కథను వీనితోనే తూచి చూతము.

సామాన్య వీరుని గౌరవించుట మన దేశమున క్రొత్త కాదు. ఊరి ఆలమందను దొంగలు తోలుకొని పోవుచుండగా అడ్డుపడి మడిసినవానికి వీరగల్లు నిలుపుట మన పూర్వుల ఆచారము. అట్టి రాళ్లు తెలుగునాట అనేకములు కలవు. కాని రాయి వేయుట మనిషి పోయిన తరువాత. బ్రతికియున్న వీరునికి గండపెండేరము తొడుగుట కలదు గాని, అది రాజాస్థానములకు చేరినవారి మాట. ప్రాచీన రోమునగరమున, యుద్ధములో తోటి పౌరుని ప్రాణము కాపాడినవానికి సింధూరవృక్షపు ఆకులతో కట్టిన కిరీటము నిచ్చెడివారు. అది సామాన్య భటునికిని దొరకెడిది. తరువాతి కాలమున ఐరోపా రాజులు స్థాపించిన బిరుదములు, పతకములు మిక్కిలిగా ప్రభువంశములవారికిని, సేనానాయకులకును చెందినవి. కోట గోడ నెక్కినవాడు భటుడు; పతకము ధరించినవాడు దొర. ఇట్లు చాలకాలము నడిచెను.

ఇక అమెరికాకు పోదము. అచ్చటి పదమూడు వలసరాజ్యములు 1775లో ఇంగ్లండుపై ఆయుధము పట్టి, 1776 జూలై 4వ తేదీన స్వాతంత్ర్యము ప్రకటించుకొనెను. వారి సర్వసేనాని జార్జి వాషింగ్టను. ఆరేండ్లు పోరాడిన పిమ్మట, 1781 అక్టోబరు 19వ తేదీన యార్కుటౌనులో ఇంగ్లీషు సేనాని కారన్‌వాలీసు యొక్క సైన్యము లొంగిపోయెను. ఈ కారన్‌వాలీసు మనకు తెలియనివాడు కాడు. అచ్చట ఓడిన అతడే 1786లో మన దేశమునకు గవర్నరు జనరలుగా వచ్చి, 1793లో వంగదేశమున శాశ్వత పైసలా చేసెను. ఆ పద్ధతియే 1802లో మన ఉత్తర సర్కారులకు వచ్చి, జమీందారీ శిస్తుల రూపమున మన తాతముత్తాతల నెత్తిన కూర్చుండెను. ప్రపంచము ఎంత చిన్నదో చూడుడు.

యార్కుటౌను గెలుపుతో యుద్ధము వెంటనే ముగియలేదు. సంధి పూర్తియైనది 1783 సెప్టెంబరులో. ఈ నడుమ న్యూయార్కు పట్టణము ఇంగ్లీషువారి చేతనే యుండెను. వాషింగ్టను 1782 వసంతమునుండి హడ్సను నదీతీరమున న్యూబర్గు అను ఊరిలో, ఒక రాతి యింట మకాము పెట్టి, శత్రువును కనిపెట్టుచు కూర్చుండెను. ఆ సైన్యపు స్థితి చెప్పిన కన్నీరు వచ్చును. నెలల తరబడి జీతములు లేవు. వారి కాంగ్రెసు సభకు పన్నులు వేయు అధికారము లేదు. రాష్ట్రములు పంపినపుడే డబ్బు. శౌర్యము చూపిన భటుని పై పదవికి ఎక్కించి గౌరవింతమన్నను, పై పదవికి పై జీతమీయవలె కదా! అందువలన ఆ దారియు మూసికొని పోయెను.

ఇప్పుడు నారదుని ప్రశ్న వాషింగ్టను నెదుట నిలిచినది. జీతము హెచ్చింపలేడు. పదవి ఈయలేడు. ఇక మిగిలినది మన్నన యొక్కటే. 1782 ఆగస్టు 7వ తేదీన ఆయన సైన్యమునకెల్ల ఒక ఉత్తరువు వెలువరించెను. అందు రెండు గౌరవములు కలవు.

మొదటిది ఓపికకు. మూడేండ్లకు మించి ధైర్యముతో, విశ్వాసముతో, సత్ప్రవర్తనతో కొలువు చేసిన భటుడు తన ఎడమచేతి చొక్కాపై కోణాకారముగా సన్నని తెల్లగుడ్డ పట్టీ నొకటి కుట్టుకొనవచ్చును. ఆరేండ్లకు మించి చేసినవాడు రెండు పట్టీలు కుట్టుకొనవచ్చును.

రెండవది విశిష్టమైన పనికి. అట్టి పని చేసినవాడు ఊదారంగు బట్టతోగాని పట్టుతోగాని చేసిన గుండె యాకారపు గుర్తును, చుట్టును సన్నని అంచు కుట్టి, ఎడమ రొమ్ముపై ధరింపవచ్చును. ఇది అసాధారణ శౌర్యమునకే కాదు. అసాధారణమైన విశ్వాసమునకును, ముఖ్యమైన సేవకును ఈయదగినదని ఆ ఉత్తరువు చెప్పినది. ఈ మాట నాకు మిక్కిలి నచ్చినది. కత్తి దూసినవాడే వీరుడు కాడు. చెప్పిన పని చెప్పినట్లు ప్రాణము మీదికి వచ్చినను చేసినవాడును వీరుడే యని దాని యర్థము.

ఇంకను వినుడు. ఊదాగుండె ధరించిన భటుడు కావలివారి ముందునుండి, దొరలు పోవునట్లే ఆటంకము లేక పోవచ్చును. అనగా శిబిరమున ఆ ఒక్క విషయమున భటుడును దొరయు సమానులైరి. దేశభక్తుల సైన్యమున, స్వతంత్రమైన దేశమున కీర్తిమార్గము అందరికిని తెరచియుండవలెనని ఆయన తలంపు. అర్హత లేక గుర్తు ధరించినవానికి కఠినశిక్ష విధింపబడెను.

లెక్కలవాడను కావున నా కన్ను పడినది ఆ ఉత్తరువులోని మిగిలిన నిబంధనలపై. ఫలానావాడు గొప్పపని చేసినాడని నోటిమాట చాలదు. దళాధిపతులు ఆ పని వివరమును, నమ్మదగిన సాక్ష్యముతో సహా, సర్వసేనానికి పంపవలెను. మంజూరైన పిమ్మట ఆ భటుని పేరును, దళమును, చేసిన పనిని ఒక పుస్తకమున నెక్కింపవలెను. దానికి ‘యోగ్యతా గ్రంథ’మని పేరు పెట్టిరి. ఈ ఉత్తరువు యుద్ధారంభము నాటినుండి జరిగిన పనులకును వర్తించును. చివరగా, ఇది శాశ్వతముగ నుండవలసినది. దరఖాస్తు, సాక్ష్యము, మంజూరు, నమోదు. ఏ తాసీలుదారు కచేరీ లోను ఇంతకంటె చక్కని పద్ధతి కానము!

ఆ ఊదాగుండె పొందినవారిలో మనకు తెలిసినవారు మువ్వురు. మువ్వురును సార్జంటులు. సార్జంటనగా భటులనుండి పైకి వచ్చిన చిన్న నాయకుడు. దొరల పంక్తిలోనివాడు కాడు.

మొదటివాడు ఎలైజా చర్చిల్, గుఱ్ఱపు దళమువాడు. 1780 నవంబరులో కొందరు పడవలలో సముద్రపు పాయను దాటి, లాంగ్ ఐలండు అను దీవిలో శత్రువుల కోటపై పడిరి. ఆ కోట పేరు సెయింట్ జార్జి కోట. మన చెన్నపట్టణపు కోటకును అదే పేరు. కోటను పట్టుకొని, తిరిగివచ్చు దారిలో శత్రువుల గుఱ్ఱముల కొరకు కూర్చిన గడ్డివాములను తగులబెట్టిరి. ఆ దాడిలో ముందు నిలిచినవారిలో చర్చిల్ ఒకడు. మరుసటి యేడు అక్టోబరులో అదే దీవిలోని స్లాంగో కోటపై దాడిలో అతడు ముందు నడిచి గాయపడెను. ఆ దినమున అమెరికావారిలో గాయపడినవాడు అతడొక్కడే.

రెండవవాడు విలియం బ్రౌన్, కనెక్టికటు రాష్ట్రపు కాల్బలమువాడు. యార్కుటౌను ముట్టడిలో 1781 అక్టోబరు 14వ తేదీ రాత్రి, పదవ సంఖ్య గల మట్టికోటపై దాడి జరిగెను. చప్పుడు కాకుండుటకై తుపాకులలో మందు కూరక, మొనలకు అమర్చిన కత్తులతోనే చీకటిలో పరుగెత్తిరి. అందరికంటె ముందు పోవు చిన్న జట్టులో బ్రౌన్ ఉండెను. ముందు పోవువారు తిరిగివచ్చుట దైవాధీనము. కొద్ది నిమిషములలో ఆ కోట వశమయ్యెను. అటుపిమ్మట అయిదు దినములకే కారన్‌వాలీసు సేన లొంగెను.

మూడవవాడు డేనియల్ బిస్సెల్. ఇతని కథ వేరు. 1781 ఆగస్టులో ఇతడు సైన్యమునుండి పారిపోయినవానివలె నటించి, శత్రువుల చేతనున్న న్యూయార్కులో ప్రవేశించెను. అచ్చట జబ్బుపడి, గత్యంతరము లేక, ద్రోహి యని పేరుపడిన ఆర్నాల్డు దళములోనే చేరవలసి వచ్చెను. పదుమూడు నెలలు అట్లే గడపి, 1782 సెప్టెంబరు చివర తప్పించుకొని వచ్చి, శత్రువుల బలమును, కోటలను గూర్చిన వివరమంతయు చెప్పెను. ఆ పదుమూడు నెలలు స్వజనము దృష్టిలో అతడు పారిపోయిన పిరికివాడు! యుద్ధములో గాయము మానును గాని ఇట్టి మాట మానదు. ఊదాగుండె అతని రొమ్ముపై కుట్టిన దినమున అతనికి దొరకినది పతకము కాదు, పోయిన పరువు.

చర్చిల్, బ్రౌనులకు 1783 మే 3వ తేదీన, బిస్సెలునకు జూను 10వ తేదీన న్యూబర్గులో ఆ గౌరవము జరిగెను.

ఇక నష్టము మాట. ఆ యోగ్యతా గ్రంథము కనబడకుండ పోయినది. అందు మూడు పేర్లే యుండెనో, ముప్పదియుండెనో చెప్పగలవారు నేడు లోకమున లేరు. ఈ మువ్వురి సంగతియైనను ఇతర కాగితములలో నిలిచినందున తెలిసినది. బిస్సెల్ ధరించిన గుర్తు 1813లో ఇల్లు కాలినపుడు పోయినది. గుడ్డ కాలిపోవుట సహజము. పుస్తకమున్నచో గుడ్డ పోయినను పేరు నిలుచును. పుస్తకమే పోయిన పిమ్మట దిక్కేది?

సామాన్య భటుల గతి కూడ వినుడు. 1783 వేసవిలో సైన్యమును ఇండ్లకు పంపివేసిరి. జీతపు బాకీకి డబ్బులేక కాగితములిచ్చిరి. ఇల్లు చేరుటకు దారిబత్తెము లేనివారు ఆ కాగితములను వచ్చిన ధరకు వర్తకుల కమ్ముకొనిరి. 1800 నవంబరులో యుద్ధశాఖ కార్యాలయము కాలి, పూర్వపు దాఖలాలు చాల బూడిదయ్యెను. 1818లో బీదలైన పాత సైనికులకును, 1832లో ఆరునెలలకు తక్కువగాక పనిచేసిన మిగిలినవారికిని పింఛనీయ చట్టములు వచ్చెను. అప్పటికి వారు ముసలివారు. దాఖలాలు లేనందున పలువురు కచేరీలలో నిలిచి, తాము ఎచ్చట పోరాడిరో ప్రమాణముచేసి చెప్పుకొని, బ్రతికియున్న తోటివారిని సాక్ష్యమునకు పిలుచుకొనవలసి వచ్చెను. యౌవనమున దేశమును గెలిచినవాడు, వార్ధకమున తానే తానని నిరూపించుకొనవలసి వచ్చుట చూడుడు!

శాశ్వతమని వ్రాసిన ఉత్తరువు నూటనలువది తొమ్మిదేండ్లు నిద్రపోయెను. 1932 ఫిబ్రవరి 22వ తేదీన, వాషింగ్టను ద్విశత జయంతి నాడు, అదే ఊదాగుండెను పతకముగా మరల లేపిరి. దానిపై ఆయన ముఖచిత్రమున్నది. పిమ్మట 1942 నుండి అది శత్రువుచే గాయపడినవారికిని, మడిసినవారికిని మాత్రమే ఈయబడుచున్నది.

మన దేశమున 1837లో ఈస్టిండియా కంపెనీవారు దేశీయ సైనికులకొక శౌర్యపతకము నేర్పరచిరి. దానికి మొదటి పేరు యోగ్యతా పతకమనియే. తమ దేశపు సామాన్య సైనికునికి అట్టిది లేని దినములలో వారు దీనిని పెట్టిరి. దానితో జీతము కూడ హెచ్చించిరి. స్వార్థమున్నను, నారదుని రెండవ ప్రశ్నకు పూర్తి సమాధానము చెప్పినవారు వారే! కాని వారే 1856లో విక్టోరియా క్రాసు స్థాపించినపుడు దానిని మన సిపాయిలకు 1911 వరకు అందనీయలేదు. స్వతంత్ర భారతము 1950 జనవరి 26వ తేదీన స్థాపించిన పరమవీర చక్రమునకు జవానని, జనరలని భేదము లేదు. కీర్తిమార్గము అందరికిని తెరచియుండుట యనగా ఇదియే.

సోదరులారా, ఇప్పుడు మన గ్రంథాలయము మాట.

ఇరువదియైదేండ్ల క్రిందట ఈ భవనము కట్టునపుడు జమాఖర్చుల పుస్తకము నా చేతనుండెను. ఎవరు ఎన్ని రూపాయలిచ్చిరో, సున్నమునకెంత, పెంకునకెంత, ఒక్క పైస తేడాలేక వ్రాసితిని. ఆ పుస్తకము నేటికిని చెదపట్టక యున్నది. ఈ సంచికలో అచ్చయిన దాతల పట్టిక దానినుండి తీసినదే. నేనందుకు గర్వించియుంటిని.

నెల క్రిందట, ఆ పట్టిక అచ్చు చిత్తును చదువుటకు సాయముగ కూర్చున్న కుఱ్ఱవాడొకడు, మన చందాదారుడే, తలయెత్తి నన్నడిగినాడు: “పంతులుగారూ, ఇందులో మా తాత పేరు లేదేమండీ? ఆ నడిమి దూలం ఎత్తినప్పుడే గదండీ ఆయన భుజం పోయింది?”

నాకు నోట మాట రాలేదు. దూలము జారిన దినము నేనచ్చటనే యుంటిని. పునాదులు త్రవ్వినవారు, చెరువునుండి రాళ్లు మోసినవారు, తమ కూలిపని ముగించుకొని వచ్చి లాంతరు వెలుగున మట్టి తొక్కినవారు, కడవలతో నీళ్లు పోసిన ఆడువారు, అందరిని చూచినవాడను. ఒక్కరి పేరును వ్రాయలేదు. ఏల? వారు కూలి పుచ్చుకొనలేదు గనుక ఖర్చులో రాలేదు. డబ్బు ఈయలేదు గనుక జమలో రాలేదు. నా లెక్క ప్రకారము ఆ మనుష్యులే లేరు! లెక్క సరిపోయినది, న్యాయము సరిపోలేదు. అమెరికావారి పుస్తకము వ్రాసిన పిమ్మట పోయినది. నాది వ్రాయకముందే పోయినది.

ఆ దినమునుండి సాయంకాలములందు ఇల్లిల్లు తిరుగుచున్నాను. ఇంతవరకు నలువది యొక్క పేర్లు దొరకినవి. వాషింగ్టను ఉత్తరువులోని పద్ధతినే పాటించి, ప్రతి పేరునకు తెలిసినవారిద్దరి సాక్ష్యము తీసికొన్నాను. చేసిన పని యెదుట వ్రాసినాను. ఆ నలువది యొక్కరిలో పదునేడుగురు గతించినారు. ఆలస్యము చేసినకొలది సాక్షులును తగ్గుదురు. వెనుకటి పనులకును ఉత్తరువు వర్తించునని ఆయన వ్రాసెను గదా, మనకును వర్తింపనిండు. ఆ పుస్తకము నేటినుండి పఠనమందిరపు బల్లపై నుండును. మీకు జ్ఞాపకమున్న పేర్లు వచ్చి చెప్పుడు. వ్రాతరానివారు నోట చెప్పినను చాలును, నేను వ్రాసెదను. ప్రతి యొకటి పంచాయతీ కార్యాలయమున నుంచవలెనని నా మనవి. ఒక్క చోటనున్న పుస్తకము పోవుట కెంతసేపు?

కాని మన్నన యొక్కటే చాలదని నారదుడు చెప్పియున్నాడు. నాడు భుజము చెడినవాని ఇల్లాలు నేటికిని ఈ గ్రామముననే యున్నది. ఆమె సంగతిని కార్యవర్గమువారు ఆలోచింపవలెనని కోరుచున్నాను. నా వంతు నేనిత్తును. ఆ పుస్తకమున పేరున్న ప్రతి కుటుంబమువారికి, పుస్తకములు ఇంటికి తీసికొనిపోవుటకు ధరావతు లేకుండ చేయవలెనని రెండవ కోరిక. తాత మోసిన దూలము క్రింద కూర్చుండి చదువు మనుమని, పూచీ పెట్టుమనుట మనకు తగదు. నిర్ణయము పెద్దలది.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము కూడ చూచుగాక! ఆనాటి సంచికలో దాతల పట్టిక ప్రక్కన, శ్రమించినవారి పట్టికయు నుండుగాక!